పది నంబర్ స్పానర్ మీది బొట్టు

శ్రవణ్‌కుమార్ శవం ఫలక్‌నుమా స్టేషన్ అవతల పట్టాల పక్కన దొరికింది. రైలు గుద్దిందని పోలీసులు రాసుకుని వెళ్ళిపోయారు. రైలు గుద్దిన మనిషి చొక్కా ఇస్త్రీ నలగకుండా ఎలా ఉందని వాళ్ళలో ఒక్కరికీ అనుమానం రాలేదు.

అనుమానం వచ్చిన మనిషి ఉస్మాన్‌గంజ్‌లో ఎండుమిరపకాయల గోదాం పై అంతస్తులో ఉన్నాడు. పేరు బాలకిషన్. బోర్డు మీద కమీషన్ ఏజెంట్. బోర్డు మీద లేని ఉద్యోగం, దేశభద్రత చూసే ఓ రహస్య విభాగానికి హైదరాబాద్ చీఫ్. చనిపోయిన శ్రవణ్ అతని ఏజెంటే.

ఆ పొద్దున విభాగంలోని ఇంకో ఏజెంట్ డానియేలు గోదాం ముందు ఆగి, బస్తాల మీద కూర్చున్న హమాలీని అడిగాడు.

"వరంగల్ మాల్ దిగిందా భాయ్?"

"దిగింది గని తొడిమెలు ఎక్కువున్నయ్."

కోడ్ సరిపోయింది. హమాలీ జరిగి మెట్లకు దారిచ్చాడు. ఆ మెట్లెక్కే ఎవరికైనా కళ్ళలోంచి ధారలు కారాల్సిందే. పని లేనివాడు అక్కడ ఒక్క క్షణం నిలబడలేడు కాబట్టే విభాగం ఆ చోటును ఏరికోరి తీసుకుంది. పనున్నవాళ్ళ ముక్కుల సంగతి ఎవరూ పట్టించుకోలేదు.

"కూసో. మాస్క్ తియ్యకు," అన్నాడు బాలకిషన్. "శ్రవణ్ ఆఖరి ఫోన్ నాకే చేసిండు. చెయ్యి షెడ్డు లోపల్నే ఉంది సార్ అన్నడు. ఎవరి చెయ్యి అని అడిగేలోపు కట్టయింది."

"ఏ షెడ్డు సార్?"

"నీకు తెలిసిందే. ఫలక్‌నుమాల రామ్‌చందర్ బర్రెల కొట్టం."

రామ్‌చందర్‌ది తాతల నాటి పాల వ్యాపారం. బర్రెలను ఊరవతలికి తరలించాక ఖాళీ పడ్డ కొట్టంలో ఆయన విమానం కట్టుకుంటున్నాడు. చిన్నది, ఇద్దరు కూర్చునేది. భాగాలన్నీ పెట్టెల్లో కిట్‌గా వస్తాయి. రివెట్ కొట్టి, బోల్టు బిగించి ఎవరికి వారే నిలబెట్టుకోవాలి. బస్తీ వాళ్ళు మొదట్లో నవ్వారు. రెక్కలు మొలిచాక నవ్వడం మానేసి, బంధువులొస్తే తీసుకెళ్ళి చూపించడం మొదలుపెట్టారు.

"దాంట్ల మన డబ్బా ఒకటి పెట్టినం," అన్నాడు బాలకిషన్. "టిఫిన్ క్యారేజీ అంత ఉంటది. బార్డర్ల చీమ కదిలినా పట్టే రాడార్. పెద్ద విమానంల టెస్ట్ చేస్తే అందరికి తెలుస్తది. బర్రెల కొట్టం మీద ఎవరి కన్ను పడదనుకున్నం. మాంజా కన్ను పడ్డది."

మాంజా అంటే పొరుగు దేశపు గూఢచారి ముఠాకు విభాగం పెట్టుకున్న పేరు. దారం కనిపించదు, మెడ మాత్రం తెగుతుంది.

"వాళ్ళ ప్లాన్ సాఫ్‌గుంది. మొదటి ఫ్లైట్ల విమానం పడాలె. వాళ్ళ అంబులెన్స్ అందరికన్న ముందు రావాలె. డబ్బా పోతది. ఇంట్ల చేసుకున్న విమానం, పడకేం జేస్తదని లోకం అంటది."

"పైలెట్?"

"సుజన."

డానియేలు కళ్ళు తుడుచుకున్నాడు. ఈసారి మిరపకాయల వల్ల కాదు.

"నా చెల్లె సార్."

"తెలుసు. అందుకే నిన్ను పంపుతున్న. నువ్వు ఎయిర్‌ఫోర్స్‌ల ఫిట్టర్‌గ చేసినోనివి. అన్న లీవు పెట్టి చెల్లె విమానం దగ్గర సాయం చేస్తున్నడంటే ఎవ్వరికి అనుమానం రాదు. మారువేషం గూడ అక్కర్లే." బాలకిషన్ మూడు ఫోటోలు ముందుకు తోశాడు. "లోపలికి వచ్చిపోయేటోళ్ళు వీళ్ళే. రామ్‌చందర్. సర్టిఫికెట్ ఇచ్చే ఇన్‌స్పెక్టర్ వైకుంఠం. రేడియోలు, మీటర్లు సప్లై చేసే భాగ్యశ్రీ. ఈ భాగ్యశ్రీని మాంజాల పెట్టింది మనమే."

"అయితే మన మనిషే గద?"

"జీతం మనమే ఇస్తున్నం. మనసు ఎటున్నదో ఈ మధ్య తెలుస్తలే." బాలకిషన్ లేచాడు. "పని చేసేది ఎవరో, చేయించేది ఎవరో తెలిసేదాక ఫ్లైట్ ఆపొద్దు. ముందే ఆపితే మాయమైతరు. మళ్ళ ఇంకోసారి ఇంకో పైలెట్ మీద పడతరు. చెల్లెకు ఒక్క ముక్క చెప్పొద్దు. టేకాఫ్‌కు ముందు నేనే ఆపిస్త. నాది జిమ్మేదారి."

వెళ్ళేముందు టైర్లలో గాలి చూసే గేజ్ ఒకటి చేతిలో పెట్టాడు. లోపల మాటలు అటూ ఇటూ మోసే రేడియో ఉంది. గాలి కూడా చూస్తుందట.

* * *

కొట్టంలో వాన పడ్డ రోజు ఇప్పటికీ పేడ వాసన వస్తుంది. గడ్డి వేసే తొట్లలో అల్యూమినియం రేకులు పేర్చి ఉన్నాయి. మధ్యలో తెల్లగా మెరుస్తూ విమానం. దాని చుట్టూ తిరుగుతూ సుజన.

"అన్నా, పార్సెల్ ఆఫీసోళ్ళు నీకు గిన్ని దినాలు లీవెట్ల ఇచ్చిన్రు?"

"నేను లేకుంటే వాళ్ళకే నిమ్మళం."

తను రైల్వే పార్సెల్ ఆఫీసులో గుమాస్తానని డానియేలు ఏళ్ళ తరబడి చెప్పుకొస్తున్న అబద్ధం అది. నాయన పోయినప్పటి నుంచి సుజనకు అన్నా నాయనా తనే. రైల్వే క్వార్టర్ల గ్రౌండులో సైకిల్ నేర్పుతూ, పట్టుకున్నా పట్టుకున్నా అంటూనే చెయ్యి వదిలేసింది తనే. ఇప్పుడామె ఫ్లయింగ్ క్లబ్బులో ఇతరులకు నేర్పుతోంది.

"చూడు," అని ఆమె నట్ల మీద వేలు నడిపించింది. ప్రతి నట్టు మీంచి బోల్టు మీదికి సన్నటి పసుపురంగు లక్క గీత. బిగించాక గీసే గీత అది. నట్టు ఏ మాత్రం తిరిగినా గీత రెండు ముక్కలవుతుంది. "మా విమానం అబద్ధం చెప్పదన్నా."

డానియేలుకు ఆ మాట ఎక్కడో గుచ్చుకుంది.

పక్కన వైకుంఠం ఫైలు తిరగేస్తున్నాడు. విమానాల తనిఖీలోనే తల నెరిసిన మనిషి. పొద్దున్నే ఆంజనేయుడి గుడికి వెళ్ళి నుదుట సింధూరం దిద్దుకోనిదే ఏ పనీ ముట్టడు. సాయంత్రం దాకా దాన్ని చెరగనివ్వడు. గుమ్మం దగ్గర భాగ్యశ్రీ కారు దిగింది. నల్ల కళ్ళద్దాలు, లేత ఆకుపచ్చ కుర్తా, దానికి సరిపోయే స్టిక్కర్ బొట్టు. ఆమె నడిచొస్తుంటే వీధిలో ఆటోలు వాటంతటవే స్లో అయ్యాయి.

"సో, మీరే మిస్టర్ పార్సెల్," అంది చెయ్యి చాచి.

నవ్వు బాగుంది. ఆ నవ్వు వెనక శ్రవణ్ ఇస్త్రీ చొక్కా కనిపించింది డానియేలుకు.

దసరా వచ్చింది. రామ్‌చందర్ తల్లి రుక్మాబాయి పనిముట్లన్నీ కడిగి, విమానం ముందు చెక్కబల్ల మీద పరిచి ఆయుధ పూజ చేసింది. స్పానర్లు, సుత్తులు, డ్రిల్లు, రివెట్ గన్, ఒక్కదాన్నీ వదల్లేదు. ముందు పసుపు, దాని మీద కుంకుమ. తర్వాత కొడుకును, ఇన్‌స్పెక్టరును, చివరికి డానియేలును కూడా వరసలో నిలబెట్టి చెప్పింది.

"తెల్లారేదాక ఒక్కరు సుత ముట్టొద్దు. ఇయ్యాల అవ్వి పనిముట్లు గాదు, దేవుళ్ళు."

సాయంత్రం జమ్మి ఆకులు పట్టుకుని బస్తీ అంతా కొట్టానికి వచ్చింది. బంగారం తీసుకో అంటూ ఆకులు చేతిలో పెట్టారు, కౌగిలించుకుని అలాయ్ బలాయ్ తీసుకున్నారు. భాగ్యశ్రీ వచ్చింది, మీటరొకటి చూసుకోవాలని లోపల కాసేపు ఒంటరిగా ఉంది. వైకుంఠం కళ్ళజోడు మరచిపోయానని మళ్ళీ లోపలికి వెళ్ళొచ్చాడు. వెళ్ళేటప్పుడు డానియేలును గట్టిగా కౌగిలించుకున్నాడు.

మర్నాడు పొద్దున రుక్మాబాయి లొల్లి మొదలుపెట్టింది.

"పది నంబర్ ఎవరు ముట్టిన్రు? ఈ బొట్టు నేను పెట్టింది గాదు."

డానియేలు దగ్గరికి వెళ్ళాడు. మిగతా స్పానర్ల మీద పసుపు, కుంకుమ ఆరిపోయి పొలుసులు కట్టి ఉన్నాయి. పది నంబర్ మీద ఒట్టి బొట్టు, అదీ పక్కకు పులిమినట్టుగా.

"అమ్మా, చెయ్యి తగిలి చెరిగిందేమో."

"చెరిగితే చెరిగిందనే అందును బిడ్డా. కింద పసుపు లేదు. రంగు సుత నాది గాదు. ఎవలో ముట్టి, మల్ల పెట్టిన్రు."

రంగు మాట డానియేలు చెవికి ఎక్కలేదు. పది నంబర్ దగ్గరే అతని బుర్ర ఆగిపోయింది. ఆ స్పానర్ పట్టే నట్లన్నీ ఒక్కొక్కటే చూశాడు. ఇంజిన్ దగ్గర, చక్రాల దగ్గర, రెక్కల మొదట్లో. పసుపు గీతలన్నీ చెక్కుచెదరలేదు. కనిపించనిది ఒక్కటే మిగిలింది. తోక కింద మూత లోపల, ఎలివేటర్‌ను నడిపే రాడ్డు బోల్టు. పైలెట్ చేతి కర్రకూ ఎలివేటర్ అనే తోక రెక్కకూ ఉన్న బంధం అదొక్కటే. అది ఊడితే ముక్కు లేపడం, దించడం పైలెట్ చేతిలో ఉండదు.

మూత మీద వైకుంఠం సంతకంతో సీల్ స్టిక్కర్ ఉంది.

"సారు, ఇది ఒక్కసారి తీసి చూద్దామా?"

"ఎయిర్‌ఫోర్స్‌ల చేసినోనివి, సీలంటే తెల్వదా?" వైకుంఠం నొచ్చుకున్నాడు. "నిన్న పొద్దుగాలనే చూసి అతికించిన. ఇప్పుడు తీస్తే మళ్ళ మొదటికెళ్ళి ఇన్‌స్పెక్షన్. ఎల్లుండి ఫ్లైట్ మరచిపోండ్రి."

బయట టైరుకు గాలి చూస్తున్నట్టు గేజ్ పట్టుకుని డానియేలు గొణిగాడు. గేజ్‌లోంచి బాలకిషన్ గొంతు వచ్చింది.

"ముట్టకు. వాళ్ళు పని చేసిన్రంటే మనిషి వస్తడు. టేకాఫ్‌కు ముందు ఆపుతనన్న గద."

"అది నా చెల్లె సార్."

"తెలుసు."

ఆ సాయంత్రం సుజన రెండు చాయ్‌లు తెచ్చింది. తొట్టి గట్టు మీద కూర్చున్నారు. ఒక్క మాట చాలు, అనుకున్నాడు. మూత తీసి చూడు, అంతే. ఆ మాట అనకుండా చాయ్ ఊదుకుంటూ కూర్చున్నాడు. చెప్తే చెల్లె బతుకుతుంది, మాంజా మాయమవుతుంది, ఇంకో ఊళ్ళో ఇంకెవరి చెల్లెలో ఎక్కుతుంది. ఉద్యోగం నేర్పిన లెక్క సరిగ్గానే ఉంది. ఆ లెక్క వేయగలిగినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

"భయమైతుందా అన్నా?"

"అయితుంది."

"ఫికర్ చెయ్యకు. నువ్వు చూసిన విమానం గద."

* * *

రెక్కలు విప్పి విమానాన్ని డీసీఎం వ్యాన్ ఎక్కించారు. గల్లీ మలుపులో ఆటోవాలా ఒకడు తల బయట పెట్టి, "క్యా భాయ్, జహాజ్ పంక్చరైందా?" అని అడిగాడు. రామ్‌చందర్ ఒక్కడే నవ్వాడు.

సిటీ అవతల ఒక ప్రైవేటు ఎయిర్‌స్ట్రిప్. రన్‌వే కొసన చెట్లు, వాటి అవతల ఎండిన చెరువు, చెరువు కట్ట. రెక్కలు బిగించారు. వైకుంఠం చివరి సంతకం పెట్టి ప్లాస్టిక్ కుర్చీలో కూలబడ్డాడు. అంబులెన్స్ రన్‌వే పక్కన ఉండాల్సింది. అది చెరువు కట్ట వెనక ఆగి ఉందని చెవిలోని ఇయర్‌పీస్ చెప్పింది.

సుజన సీట్లో కూర్చుని బెల్టు పెట్టుకుంది. అన్న వైపు చూసి బొటనవేలు లేపింది. డానియేలు కూడా లేపాడు. ఆ వేలు తనది కానట్టు అనిపించింది.

ఇంజిన్ అందుకుంది. విమానం మెల్లగా రన్‌వే కొస దాకా వెళ్ళి తిరిగి నిలబడింది.

"సార్, ఆమె లైన్ల నిలబడ్డది. ఆపండ్రి."

"ఆగు," అంది చెవిలో బాలకిషన్ గొంతు. "అంబులెన్స్‌ల ఉన్నోళ్ళు కూలికొచ్చినోళ్ళు. వాళ్ళ అసలు మనిషి ఇంకా రాలే."

"సార్."

"ఇంకొక్క నిమిషం."

ఎండ మండుతోంది. వైకుంఠం జేబులోంచి తెల్ల రుమాలు తీసి నుదురు తుడుచుకున్నాడు. రుమాలు మీద నారింజ రంగు మరక పడింది.

డానియేలు ఆ మరకనే చూస్తూ ఉండిపోయాడు. రంగు సుత నాది గాదు. రుక్మాబాయి పెట్టేది ఎర్రటి కుంకుమ. స్పానర్ మీద ఉన్నది నారింజ రంగు. దసరా సాయంత్రం కుంకుమ పళ్ళెం ఇంట్లోకి వెళ్ళిపోయింది. స్పానర్ పట్టిన చేతికి బొట్టు అంటుకుని చెరిగిపోయింది. అలా వదిలేస్తే రుక్మాబాయి పట్టేస్తుందని తెలిసినవాడు, దేవుడంటే భయమున్నవాడు, మళ్ళీ బొట్టు పెట్టాలనుకున్నాడు. ఆ క్షణాన అతనికి బొట్టు దొరికే చోటు ఒక్కటే, తన నుదురు. భాగ్యశ్రీ స్టిక్కర్ బొట్టు నుంచి ఎంత గీకినా రంగు రాలదు.

ఇంజిన్ మోత పెరిగింది. విమానం బ్రేకుల మీద అదిరింది.

"నిలు. ఎక్కడోనివి అక్కడ నిలు. ఇది ఆర్డర్," అంది చెవిలో గొంతు.

డానియేలు ఇయర్‌పీస్ పీకి జేబులో వేసుకున్నాడు. పక్కనే ఉన్న భాగ్యశ్రీ వైపు తిరిగాడు.

"ఇన్నొద్దులు నిన్ను అనుమానించిన. తప్పే. మీ మాంజా మనిషికి ఫోన్ కొట్టు. విమానం పడ్డదని చెప్పు."

ఆమె కళ్ళద్దాలు పైకి తోసుకుంది. కళ్ళ కింద నిద్రలేని నల్లటి చారలున్నాయి. "పొగ కావాలి. లేకపోతే ఆయన నమ్మడు."

"రామ్‌చందర్ భాయ్, చెట్ల దగ్గర పాత టైర్లు కాలబెట్టు. మస్తు పొగ రావాలె."

అప్పటికే అతను రామ్‌చందర్ మోటార్‌సైకిల్ మీద ఉన్నాడు. పొద్దున పాలు పోసి నేరుగా వచ్చిన బండి, రెండు వైపులా క్యాన్లు వేలాడుతున్నాయి. గడ్డిలోంచి ఎగిరి రన్‌వే మీద పడ్డాడు. అప్పటికే పరుగందుకున్న విమానం తోక లేచింది. క్యాన్లు తెగి, మూతలూడి, దొర్లుకుంటూ అడ్డంగా పడ్డాయి. డానియేలు బండిని వాటి మధ్యే పడేసి నిలబడ్డాడు.

ఇంజిన్ గొంతు ఒక్కసారిగా పడిపోయింది. విమానం పక్కకు తిరిగి, రెక్క కొస గడ్డిని రాసుకుంటూ వచ్చి ఆగింది. ప్రొపెల్లర్ నిలిచిపోయాక చూస్తే అతని చొక్కాకు మూరెడు దూరంలో ఉంది.

సుజన కిందికి దూకింది.

"దిమాక్ ఖరాబైందా అన్నా? చస్తుంటివి గద."

డానియేలు జేబులోంచి స్క్రూడ్రైవర్ తీశాడు. తోక దగ్గరికి వెళ్ళి, సీల్ చింపి, మూత స్క్రూలు విప్పాడు. లోపల చెయ్యి పెట్టాడు. తిప్పే పనే పడలేదు, నట్టు దానంతటదే అరచేతిలోకి రాలింది. అది ఊడకుండా గుచ్చాల్సిన స్ప్లిట్ పిన్ లేనే లేదు. బోల్టు సగం బయటికి వచ్చి ఉంది.

అరచెయ్యి తెరిచి చెల్లెకు చూపించాడు. సుజన నట్టు వైపు చూసింది, అన్న వైపు చూసింది, గడ్డిలో కూర్చుండిపోయింది.

చెట్ల వెనక నల్లటి పొగ లేచింది. కట్ట అవతల సైరన్ మోగింది. అంబులెన్స్ ఎండిన చెరువులోకి దూసుకొచ్చింది. దాని వెనకే తెల్ల కారులో మాంజా అసలు మనిషి, డబ్బా సొంత చేతులతో అందుకోవాలని. చెరువులో విమానం లేదు. బాలకిషన్ మనుషులున్నారు.

వైకుంఠం కుర్చీలోంచి లేవలేదు. పారిపోయే ప్రయత్నమే చేయలేదు.

"నా బిడ్డ అమల దుబాయ్‌ల నర్సు," అన్నాడు. "పాస్‌పోర్ట్ గుంజుకున్నరు. ఫోటో పంపిన్రు, చేతులు కట్టేసి. నీకు చెల్లె, నాకు బిడ్డ."

"శ్రవణ్‌ను?"

"వాడు అనుమానిస్తున్నడని చెప్పిన. అంతే చెప్పిన. చంపుతరనుకోలే."

"దసరా నాడు నన్ను అలాయ్ బలాయ్ తీసుకుంటివి గద సారు."

ఆ మాటకు ముసలాయన తల వంచేశాడు. డానియేలు అతన్ని కొట్టాలనుకున్నాడు. చెయ్యి లేవలేదు. తెలిసి తెలిసి సుజనను ఆ సీట్లో కూర్చోబెట్టిన వాళ్ళు అక్కడ ఇద్దరు. రెండోవాడు తనే.

మాంజా మనిషి బ్యాగులో చాలా పాస్‌పోర్టులు దొరికాయి. అమలది కూడా ఉంది. దుబాయ్ కబురు భాగ్యశ్రీ స్వయంగా నడిపింది. అమల విమానం ఎక్కిందని తెలిసేదాకా ఆమె ఫోన్ వదల్లేదు. బాలకిషన్ మాత్రం ఆర్డర్ ధిక్కారం మీద ఛార్జ్ మెమో రాయించాడు. మిరపకాయల ఘాటు అంటిన కాగితం, చదివితే కళ్ళలో నీళ్ళు వచ్చాయి.

సుజన మూడు పూటలు అన్నతో మాట్లాడలేదు. నాలుగో పూట కొట్టంలో, కొత్త బోల్టు బిగిస్తూ, తల తిప్పకుండా అడిగింది.

"నీకు ముందే తెలుసా?"

"అనుమానముండె."

"అయినా కూసోబెట్టినవ్."

"కూసోబెట్టిన."

ఆమె స్ప్లిట్ పిన్ గుచ్చి దాని కాళ్ళు వంచింది. నట్టు మీద పసుపు గీత గీసింది. గీత వంకరపోయింది. తుడిచి మళ్ళీ గీసింది. డానియేలుకు ఏడుపొచ్చింది. దాచుకోవడానికి మిరపకాయల గోదాం కూడా దగ్గర్లో లేదు.

"సైకిల్ నేర్పినప్పుడు గూడ గంతే చేసినవ్," అంది సుజన. "పట్టుకున్న అనుకుంటనే వదిలినవ్."

కొత్త ఇన్‌స్పెక్టర్ వచ్చి మూతలన్నీ తీసి చూసి సంతకం పెట్టాడు. అతని తర్వాత రుక్మాబాయి పది నంబర్ స్పానర్ కడిగి, పసుపు రాసి, కుంకుమ పెట్టి చేతికిచ్చింది. విమానం మళ్ళీ వ్యాన్ ఎక్కింది.

రన్‌వే మీద సుజన పక్క సీటు చూపించింది.

"ఎక్కు."

"మొదటి ఫ్లైట్ల పైలెట్ ఒక్కతే పోవాలె గద, రూల్..."

"మొదటిది పొద్దుగాల్నే పోయొచ్చిన. ఇది రెండోది. ఎక్కు అన్నా."

అతను ఎక్కాడు. ఆమె వంగి అతని బెల్టు తనే బిగించింది, నట్టు బిగించినంత గట్టిగా.

"పార్సెల్ లెక్క కదలకుండ కూసో. నేను చెప్పేదాక నోరు తెరవకు."

ఛార్జ్ మెమో ఇంకా జేబులోనే ఉన్న ఏజెంట్ డానియేలు, ఆ కేసు మొత్తంలో మొదటిసారి ఒక ఆర్డర్‌ను మనస్ఫూర్తిగా, అక్షరం పొల్లుపోకుండా పాటించాడు.